గులాబీల కింద పది అడుగులు

మా ఇంటాయన లక్ష్మణప్పకు దేవుడంటే ఉండే భయం కంటే చెప్పులంటే ఉండే భయం ఎక్కువ. పోయిన ఏడు ఎవడో పూల బేరగాడు చెప్పులకు అంటించుకొని రోగం తెచ్చి మా గులాబీలన్నీ మాడ్చినాడని ఆయప్ప నమ్మకం. ఆ ఫిబ్రవరిలో ప్రేమికుల దినానికి మా పూలు కొనే బెంగళూరాయనకు మేము ఒక్క పువ్వు పంపలేదు. నేను ఏడ్చినాను, ఆయప్ప అన్నం మానినాడు. అప్పటినుంచి ప్లాస్టిక్ కప్పిన ఆ గులాబీ షెడ్డులోకి బయటోళ్ళెవరూ అడుగు పెట్టరాదు. మేమైనా మందు నీళ్ళలో కాళ్ళు ముంచే పోవాల. సొంత వియ్యంకుడినే వాకిలి బయట నిలబెట్టి మాట్లాడి పంపించినాడు, మహానుభావుడు.

ఈ ఏడు మొగ్గలు బాగా పట్టినాయి. ఫిబ్రవరి కోత దగ్గర పడతా ఉండంగా రాయకోట రోడ్డు మీద డ్రిల్లు మిషను దిగింది. హోసూరు ఫ్యాక్టరీకి గ్యాసు పైపు మా తోట కిందనుంచి పోవాలంట. దాని ఇంజనీరు జితేంద్ర, వరంగల్లు పక్కోడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా, బైకు ఇంజను ఆర్పేసి రోడ్డు మీదనుంచి జారుకుంటా మా వాకిట్లోకి వచ్చినాడు. అంత వాలు మాది. రోడ్డు ఎగువన, తోట దిగువన.

పని సంగతి బాగానే చెప్పినాడు. మిషను రాడ్డు వెనక రాడ్డు తగిలించి నేల్లోకి తోస్తాదంట. అన్నింటికీ ముందర తొలిచే తల ఉంటాదంట. పైన లొకేటరనే పెట్టె పట్టుకొని ఒక మనిషి నడిస్తే, ఆ తల ఎంత లోతులో ఉండాదో తెలుస్తాదంట. ఆ మనిషి మా షెడ్డులో నడవాల.

కుదరదన్నాడు మా ఆయప్ప. కాళ్ళు ముంచే వస్తాడని చెప్పినా వినలేదు. పెట్టెను కూడా మందులో ముంచుతావా అని అడిగినాడు.

జితేంద్ర తగ్గలేదు. తల ఎంత వాలుగా పోతా ఉండాదో మిషను దగ్గరే తెలుస్తాదంట. రాడ్డు పొడవు పది అడుగులు. నూటికి పది వాలుంటే రాడ్డుకు ఒక అడుగు దిగుతాది. అట్లా కూడుకుంటా పోయి, పది అడుగులు దిగినాక తలను మట్టంగా తిప్పితే సరి, మీ గులాబీల వేళ్ళకు కూడా తెలియదన్నాడు. మా ఆయప్పకు ఆ లెక్క తేనె మాదిరి దిగింది. లెక్కకు కాళ్ళుండవు కదా, లోపలికి రాదు.

మరుసటి దినం ఇద్దరూ రోడ్డు మీద మిషను పక్కనే నిలబడి కూడుకున్నారు. ఒకడు చెప్పేది, ఇంకొకడు తలూపేది. మామా అల్లుళ్ళు కూడా అంత పొందికగా ఉండరు. నేను కాఫీ పంపినాను. పది అడుగులు రాగానే తలను మట్టం చేసి, ఇంక నిమ్మళంగా ఉండండి సార్ అన్నాడంట జితేంద్ర.

నేను షెడ్డులో కొమ్మలు కడతా ఉన్నాను. దిగువ సాలులో నేల ఉబ్బింది. పందికొక్కేమో అనుకున్నాను. అంతలోనే చెట్లు వేళ్ళతో సహా లేచి పడినాయి. ఇనుప తల గిర్రున తిరుగుతా బయటికొచ్చి, తొలిచేదానికని మిషను రాడ్ల గుండా తోసే బురదంతా మొగ్గల మీద చిమ్మింది. నా అరుపుకు మిషను ఆగేలోపల సాళ్ళన్నీ మునిగినాయి.

ఇద్దరూ పరిగెత్తుకొని వచ్చినారు. మా ఆయప్ప అట్లే లోపలికి దూరినాడు. జితేంద్ర మాత్రం షెడ్డు వాకిట్లోనే ఆగి, రావచ్చా అని అడిగినాడు. మర్యాదకు ఏమీ తక్కువ లేదు. ఫోను తీసి మళ్ళా కూడినాడు.

"లెక్క ప్రకారం పది అడుగులే ఉంది సార్."

అవును, నేనూ కూడినాను కదా అన్నాడు మా ఆయప్ప. నాకు ఒళ్ళు మండింది.

"పదేనప్పా, ఎవరు కాదన్నారు? మీరిద్దరూ నిలబడిన రోడ్డుకు పది. మీ తల మట్టంగా వచ్చింది, మా నేల దిగతా వచ్చింది. గులాబీలు రోడ్డు మీద పెట్టలేదే మేము."

జితేంద్ర ఎగువకు చూసినాడు, దిగువకు చూసినాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు. మా ఆయప్ప బురదలో కూలబడి ఒక మొగ్గను పైగుడ్డతో తుడిచినాడు. అది కాడతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

"బెంగళూరు పూలాయనకు నువ్వే ఫోను చెయ్యి మంజులా" అన్నాడు. "నాకు నోరు రాదు."

పొద్దుననుంచి అడుగులు కూడేదానికి నోరు బాగానే వచ్చింది. ఆ మాట నాలిక దాకా వచ్చినా మింగినాను, ఆయప్ప ఊడిన ఆ మొగ్గను ఇంకా తుడస్తానే ఉన్నాడు. ఫోను చేసి, ఈ ఏడు కూడా మా తోటలో పూలు లేవని నేనే చెప్పినాను.