కడగని రీలు

కరాకోల్ అనే కొండ ఊళ్ళో పొద్దున్నే పొయ్యి రాజేసి, టీ కాచి, ఊళ్ళోవాళ్ళ ఫిల్ములు కడగడం సల్కిన్ రోజువారీ పని. టీ మాత్రం రెండు గిన్నెల్లో పోస్తుంది. రెండోది మొగుడు కుబాత్‌ది. నిరుడు కనుమ దారిలో లారీతో సహా లోయలో పడి చనిపోయాడు. పోయినవాళ్ళు తాము తీసిన ఆఖరి రీలు ఎవరైనా కడిగేదాకా ఇల్లు వదలరు కదా, అతనూ పొయ్యి పక్కనే కూర్చునుంటాడు. పక్కింటివాళ్ళు గుమ్మంలోంచి "ఏమోయ్ కుబాత్" అని పలకరించి పోతుంటారు. ఊళ్ళో ఎవరు పోయినా నలభయ్యో రోజుకల్లా వాళ్ళ రీలు కడిగిచ్చే సల్కిన్‌కి, తన మొగుడి రీలు దగ్గర చేతులాడలేదు.

సంవత్సరీకం దగ్గరపడింది. అది కాగానే ఆమెను పుట్టింటికి పంపేయాలని అత్తవారు నిర్ణయించారు. మూటలు కూడా కట్టేసుకుంది. ఈలోగా సమాధి రాయి చెక్కే ఎర్మెక్ వచ్చాడు.

"వదినా, కాగితం మీద అచ్చుకి కడిగినట్టు కడగొద్దు. స్కాన్ చేసి, రాతి మీద వాడి మొహం చెక్కే మెషీన్‌కి పెట్టాలి. నెగెటివ్ దట్టంగా నల్లబడితే దానికేం కనపడదు. పల్చగా రావాలి."

"నాకు పాఠాలు చెప్తావా?"

"నువ్వు ఆలస్యం చేస్తావనే నా భయం."

నిజమే. కడగడం మొదలెట్టాక, మందు డబ్బాలో ఉన్నంతసేపే పోయిన మనిషి ఉంటాడు. కాగితం మీద అచ్చుకైతే అతనితో ఇంకో మూడు నిమిషాలు దక్కేవి.

ఎర్మెక్ వెళ్ళాక రీలు డబ్బాలో పెట్టి మందు పోసింది. రీలు మొత్తం కుబాత్ తీసిన సల్కిన్ బొమ్మలే. అతనున్నది ఒక్కటే, ఆమె తీసింది, కిటికీ పక్కన తెల్ల టోపీతో, నోరు మూసుకుని.

"బొమ్మ నున్నగా వచ్చే సన్న గింజ ఫిల్మే ఏరి కొన్నాను చూశావా? రాతి మీద నా ముక్కు గరుగ్గా రాదు" అన్నాడు కుబాత్.

"అబ్బో, అందగాడు!" డబ్బా తిరగేస్తూ అంది.

"టైమవుతోంది. పారబొయ్యి."

"పొయ్యను."

"ఆలస్యమైతే టోపీ, కిటికీ కలిసి ముద్దయిపోతాయే. అమ్మకి నా మొహం మిగల్చవా?"

"ఉండనీ. ఏదో ఒకటి మాట్లాడు."

"సరే, విను. రేపట్నించి నువ్వు..."

గడియారం గణగణా మోగింది. ఇరవయ్యేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వంగింది. మందంతా తొట్టిలోకి పోయింది. సల్కిన్ తల తిప్పి చూసింది. పొయ్యి పక్కన పీట ఖాళీగా ఉంది.

నెగెటివ్ పల్చగా, శుభ్రంగా వచ్చింది. స్కానులో కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా తేలాయి. నోరు మాత్రం సగం తెరుచుకుని ఉంది. ఎర్మెక్ దాన్ని అలాగే చెక్కాడు.

సంవత్సరీకం నాడు అత్తగారు బూరుల్, సమాధి రాయి మీద తెరుచుకున్న ఆ నోరు చూసింది.

"ఏం చెప్పబోయాడే?"

"'రేపట్నించి నువ్వు...' అన్నాడత్తయ్యా. అంతలోనే నేను పారబోసేశాను."

ముసలామె తలగుడ్డ కొంగుతో ఆ రాతి పెదవులు తుడిచింది.

"చిన్నప్పట్నించీ అంతే, సగం మాట నాకే వదిలేసేవాడు. రేపట్నించి నువ్వు నా ఇంట్లోనే ఉంటావు. ఆ మూటలు విప్పు."

సల్కిన్ అప్పుడు ఏడ్చింది. అతను అనబోయింది అదో కాదో ఇక ఎన్నటికీ తెలియదు.