పోరంబోకులో తొమ్మిది పేర్లు

"మాస్టారూ, ఉపపేజీలు పోయాయండీ" అని సుప్రియ ఫోనులో అంటే, గరగరల మధ్య జకరయ్య మాస్టారికి వినిపించింది ఒకటే మాట: ఉప్పెన. నవంబరు పందొమ్మిదిన దివిసీమలో ఆ మాట చెవినపడ్డాక మిగతా వాక్యం ఎవరిక్కావాలి? ఐదో తరగతి పిల్లలందర్నీ బడి మేడ ఎక్కించి, తాను మెట్ల మీద నిలబడి ఆకాశంకేసి చూశాడు. ఎండ నిక్షేపంగా కాస్తోంది. మళ్ళీ ఫోను చేస్తే తేలింది, వచ్చింది ఉప్పెన కాదు, పోయినవి పేజీలు. పిల్లలు కిందికి దిగారు. మాస్టారి గుండెదడ మాత్రం దిగలేదు.

ఎందుకంటే అవి మామూలు పేజీలు కావు. మూడేళ్ళ కిందట, రెండువేల ఐదులో, అవనిగడ్డలో నెట్ సెంటర్ నడిపే సుప్రియ సాయంతో ఆయన తమ పల్లె గురించి నలుగురూ కలిసి రాసుకునే వికీ ఒకటి మొదలుపెట్టాడు. అందులో 'ఉప్పెన' అనే పేజీ కింద, డెబ్భై ఏడులో కొట్టుకుపోయిన నలభై ఒక్కమందికి తలా ఒక ఉపపేజీ: 'ఉప్పెన' పక్కన గీత, గీత పక్కన మనిషి పేరు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్న నోటుపుస్తకం చెదల పాలైంది. అప్పటినుంచీ ఏటా ఈ తేదీన, చర్చిలో నాలుగు గంటల ప్రార్థనప్పుడు, వికీలోంచి అచ్చు తీసిన కాగితం చూసి ఆయనే పేర్లు చదువుతున్నాడు. అయినవాళ్ళున్నవాళ్ళని ఎవరో ఒకరు తలుచుకుంటారు. ఇంటిల్లిపాదీ పోయినవాళ్ళ పేర్లు పలికేది ఆ కాగితమొక్కటే.

బస్సెక్కి సుప్రియ దగ్గరికి వెళ్ళి చూస్తే నలభై ఒక్క పేర్లూ తెర మీద ఎర్రగా ఉన్నాయి. ఎరుపంటే ఆ పేజీ అక్కడ లేదని అర్థం. వికీ ఇంతగా వికటిస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఎవరో తుడిచేశారనుకున్నాడు. తుడవలేదనీ, ఎటో తరలించారనీ చెప్పి సుప్రియ పాత మార్పుల జాబితా తీసింది. నలభై ఒక్కసార్లు ఒకటే వాక్యం: 'వారసుల పేరున మార్చడమైనది.' మార్చింది నాగభూషణరావు.

నాగభూషణరావు బందరులో ఉండే రిటైర్డు సర్వేయరు. గొలుసు పట్టుకుని దివిసీమంతా కొలిచిన మనిషి. పేజీలు చిందరవందరగా ఉన్నాయి, కాస్త సర్దిపెట్టండి రావుగారూ అని ఆయన చేతికి పెత్తనమిచ్చింది జకరయ్యే. పేజీలు సర్దమంటే పేచీలు సర్దినట్టు సర్దాడాయన.

వెతగ్గా వెతగ్గా ఒక్కొక్కటే దొరికింది. మరియమ్మ పేజీ ఆమె కొడుకు ఇస్సాకు పేజీ కింద ఉంది. సర్వే నంబరు పక్కన గీత పెట్టి ముక్కలు చేసినట్టు, పోయినవాళ్ళంతా బతికున్నవాళ్ళ పక్కన గీత అవతల సర్దుకున్నారు. ముప్పై రెండు తేలాయి. మిగతా తొమ్మిదీ ఎక్కడున్నాయో చూసి సుప్రియ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

'పోరంబోకు/హనోకు.'

హనోకు చిన్నప్పుడు బడిలో ఒకే బెంచీలో జకరయ్య పక్కన కూర్చున్నవాడు. ఆ శనివారం పొద్దున బలపం సగానికి విరిచి ఇచ్చినవాడు. మర్నాటికి హనోకూ లేడు, ఇల్లూ లేదు, ఇంట్లో మిగతా ఎనిమిదిమందీ లేరు.

ఫోను చేస్తే రావుగారు హుషారుగా ఎత్తాడు. మూడు రోజులు కూర్చుని చేశానన్నాడు. ఇక ఒక్క హద్దు తగాదా రాదన్నాడు.

"హనోకుని పోరంబోకు చేశారేంటండీ?"

"వారసులెవరూ లేరు కదండీ మాస్టారూ. లేకపోతే మరి..."

ఆ మాట అక్కడే తెగిపోయింది. 'పోరంబోకు, హనోకు' అని అవతల ఆయనే ఒకసారి పైకి చదువుకున్నాడు. తర్వాత నాలుగింటికి చర్చికి వస్తున్నానన్నాడు.

వచ్చాడు. తెర మీద ఉన్నదున్నట్టు అచ్చు తీసిన కాగితం అప్పటికే చేతులు మారి మాస్టారి దగ్గరికి తిరిగొచ్చింది. పోరంబోకంటే ఎవరి పేరునా లేని సర్కారు భూమి, పల్లెలో అది తిట్టు కూడాను, గొణుగుడు పెద్దదవుతోంది. రావుగారు ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముప్పై నాలుగేళ్ళు భూమి పనే చేశానండి. మనిషి పోతే నంబరు వారసుడికి మార్చేవాణ్ణి, వారసుడు లేకపోతే పోరంబోకని రాసేవాణ్ణి. ఆ పేజీల్లో పేరు పక్కన గీత కనబడేసరికి చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. నంబర్లనుకున్నానండి. మనుషులని తోచలేదు. ఎక్కడివక్కడ పెట్టేస్తాను."

ముందు లేచింది ఇస్సాకు. తన తల్లిని తన పక్కనే ఉండనివ్వమన్నాడు, బాగానే ఉందన్నాడు. అప్పుడు జకరయ్య కాగితం మడిచాడు.

"హనోకుది నా పేరున మార్చండి రావుగారూ."

తక్కిన ఎనిమిదింటికీ ఒక్కొక్కరే లేచారు. రావుగారు పెన్ను తీసి వరసగా రాసుకున్నాడు. హనోకు దగ్గరికొచ్చేసరికి అలవాటు కొద్దీ ఆగి, ఏమవుతారని రాయమంటారని అడిగాడు.

"ఒకే బెంచీ అని రాయండి" అన్నాడు జకరయ్య.