తిప్పేస్వామి పగటి పని

"పొద్దున ఆరు మైళ్ళ పరుగు, సాయంత్రం ఆరు మైళ్ళు. బడికి సెలవులే గదా, నడుమ పగలంతా పండుకోవల్ల. పండుకుంటాండాడా అక్కా, వీడు?" అని డ్రిల్లు మాస్టరు జమాల్ సాబ్ వాకిట్లో నిలబడి అడిగాడు.

"పండుకుంటాండాడు సార్" అని కదిరమ్మ తడుముకోకుండా చెప్పేసింది.

పచ్చి అబద్ధం. అరవై అయిదు కరువులో ఆ ఇంట పిడికెడు జొన్నలు లేవు. పొద్దుటి పరుగు కాగానే కొడుకు తిప్పేస్వామిని వెంటబెట్టుకుని, తమ మొహమెరగని ఊరికి కరువు పనికి పోయేది. ఎండలో కంకర కొట్టి, కూలి జొన్నలు కొంగున కట్టుకుని, సాయంత్రం పరుగు వేళకు ఇల్లు చేరేవాళ్ళు. పదెకరాల రైతు ఇంటివాళ్ళు కరువు పనికి దిగారని నలుగురికీ తెలిస్తే ఇంకేమైనా ఉందా! కడుపు కాలినా పరువు వదలని రకం కదిరమ్మ.

హైదరాబాదు పోటీలో గెలిస్తే తిప్పేస్వామిని దేశం మొత్తం మీది పోటీలకు పంపుతారని మాస్టరు ఆశ. పిల్లవాడు చూస్తే రోజురోజుకీ వెనకబడుతున్నాడు. పగలంతా పడుకుని లేచినవాడికి ఈ నీరసం ఎక్కడిది? ఒళ్ళు బద్ధకమే అనుకుని ఆయన ఇంకో రెండు మైళ్ళు పెంచాడు.

"సార్‌కు చెప్పేద్దామా అమ్మా? మోకాటి కింద ఎముక పీకుతాండాది" అన్నాడు తిప్పేస్వామి ఒకనాడు.

"నోరు మూసుకోరా. ఇంటి పరువు తీస్తావా?" అంది కదిరమ్మ.

పోటీ వారముందనగా, పరుగు మధ్యలో ఆ ఎముక విరిగింది. అతుకు పడింది గానీ వంకర పడింది. ఇక నడకే కుంటి నడక, పరుగు మాట దేవుడెరుగు.

కట్టు విప్పిన నాడు జమాల్ సాబ్ వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. "ఆశకొద్దీ బిడ్డను విరిచి పారేస్తిని అక్కా. ఇంగ ఏ పిల్లోణ్ణీ పరుగెత్తించను" అని తుండుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

తిప్పేస్వామి తల్లి వంక చూశాడు. ఇప్పుడైనా చెప్పమన్నట్టు చూశాడు. నిజం కదిరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఎదురింటి నల్లమ్మ కోడల్ని వెంటబెట్టుకుని పరామర్శకు లోపలికి వచ్చింది.

"మీరు కావాలని చేసినారా సార్? పోనీండి, మా మనసులో ఏమీ లేదు" అంది కదిరమ్మ.

కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాట అన్నందుకు కదిరమ్మ బతికినన్నాళ్ళూ కుమిలిపోయింది. కానీ ఆ పూట, తనను క్షమించినందుకు జమాల్ సాబ్ ఆమెకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.