నాల్‌బంద్ చౌరస్తాకు అడ్డుగోడ

ఆగమ్మ రోడ్డు మధ్యలో ఉండగానే క్రేన్ డివైడరు సందులో మొదటి సిమెంటు దిమ్మెను దించింది. ముందు నడుస్తున్న బర్రెలు అప్పటికే అవతలికి దాటిపోయాయి. వెనకవి ఇవతలే ఆగిపోయాయి. ఆగమ్మ చేతికట్టె పట్టుకుని నడుమ నిలబడింది.

"ఆపు కొడుకా, బర్రెల్ని దాటనియ్" అంది క్రేన్ డ్రైవరుతో.

డ్రైవరు కిందనున్న సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు ఫోనులోంచి తలెత్తకుండా, కానియ్ అన్నట్టు చెయ్యి ఊపాడు. రెండో దిమ్మె దిగింది. ఆగమ్మ పక్కకు జరగకపోతే ఆమె కాలి మీదే దిగేది.

నేను డిపోకు డ్యూటీకి పోతున్నాను. నాలాగే పనులకు బయల్దేరినవాళ్లు రోడ్డుకు రెండు వైపులా గుంపుగా నిలబడి చూస్తున్నారు. "ఏంది సార్ ఇది" అని ఎవరో అడిగారు. "చౌరస్తా బంద్. యూటర్న్ నుంచి తిరిగి రండి" అన్నాడు సూపర్‌వైజరు. పొద్దెక్కేసరికి మా ఊరు రెండు ముక్కలైంది.

నా పేరు ప్రేమ్‌రాజ్. బస్సు డిపోలో మెకానిక్‌ని, యూనియన్ మనిషిని. కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్లు, కాలేజీ పిల్లలు వచ్చి నాల్‌బంద్ చౌరస్తాలో ఏం జరిగిందని అడుగుతుంటారు. పేపర్లో ట్రాఫిక్‌కు అంతరాయం కలిగిందని ఓ మూల రాశారు. అంతకు మించి ఎవరూ రాయలేదు. అందుకే చెబుతున్నాను.

కిషన్‌బాగ్ దాటి బెంగళూరు రోడ్డు పట్టుకుని పోతే మా చౌరస్తా వస్తుంది. ఇప్పుడంటే నగరం లోపల ఉంది గాని, మా తాతలనాడు ఇది నగరం బయట ఊరు. పాలమూరు దిక్కు నుంచి వడ్లు, పల్లికాయ, తోళ్లు వేసుకుని ఎడ్లబండ్లు వచ్చేవి. నగరంలోకి పోనిచ్చేదాకా ఇక్కడే ఆగేవి. ఆగిన ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టే నాల్‌బందులు కొలుములు పెట్టుకున్నారు. ఎడ్లకు గడ్డి కావాలి కాబట్టి గడ్డి అమ్మేవాళ్లు వచ్చారు. బండ్లవాళ్లకు చాయ్ కావాలి కాబట్టి హోటళ్లు వచ్చాయి. పాలు కావాలి కాబట్టి బర్రెలతో ఆగమ్మ అత్తమామలు వచ్చారు. బండ్లు పోయి లారీలు వచ్చాక కొలుములు వెల్డింగు షాపులయ్యాయి. డిపో పెట్టాక మాలాంటి క్రిస్టియన్ కుటుంబాలు క్వార్టర్లకు చేరాయి. కరువు వచ్చినప్పుడల్లా పాలమూరు కూలీలు బస్సు దిగి పని కోసం ఇక్కడే నిలబడ్డారు. అది అడ్డా అయింది. ఈ ఊరిని ఏ నవాబూ కట్టించలేదు. ఆగినవాళ్లు కట్టుకున్నారు.

నగరంలో లొల్లులై కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో కూడా ఆగమ్మ మామ పాలక్యాను పట్టుకుని రోడ్డు దాటేవాడట. అవతల ఖదీర్ భాయ్ తండ్రి హోటలు వెనక తలుపు తీసి పెట్టేవాడట. అప్పుడు కూడా మూతపడని చౌరస్తా మాది.

రోడ్డుకు తూర్పున బర్రెల కొట్టాలు, మా క్వార్టర్లు ఉన్నాయి. పడమట ఖదీర్ భాయ్ హోటలు, బడి, సర్కారు దవాఖాన, అడ్డా. వాటి వెనక మూసీ ఒడ్డున బర్రెలకు గడ్డి, మనుషులకు శ్మశానం, ఖబరస్తాన్. తూర్పువాళ్లకు రోజూ పడమటికి పోకుండా గడవదు. ఆ దిమ్మెలు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. కాంట్రాక్టరు జగదీశ్వర్ ఇక్కడ పుట్టినవాడే. వాళ్ల నాయన ఇదే రోడ్డు పక్కన గడ్డిమోపులు అమ్మాడు. జగదీశ్వర్ ఇప్పుడు రోడ్లు వేస్తాడు, ఫంక్షన్ హాళ్లు కడతాడు. మా చౌరస్తా మూసిన వారమే, ఎంతో దూరం అవతల, సరిగ్గా అతని కొత్త ఫంక్షన్ హాలు గేటుకు ఎదురుగా డివైడరు తెరిచి యూటర్న్ పెట్టారు.

ఖదీర్ భాయ్ హోటల్లో మీటింగు పెట్టాం. తూర్పువాళ్లు దిమ్మెలెక్కి దిగి వచ్చారు. ముసలివాళ్లు రాలేకపోయారు. గుండయ్య అని మా బస్తీ పెద్ద, ఎవరు గెలిస్తే వాళ్ల కండువా వేసుకునే మనిషి, ముందుగా లేచాడు.

"లొల్లి చేస్తే పని కాదు. జగదీశ్వర్ నా చిన్నప్పటి దోస్తు. నేను మాట్లాడ్త. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

అడ్డాలో నిలబడే బుచ్చమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఆమె అక్కడి నుంచే అడిగింది. "మేస్త్రీలు ఇప్పుడు ఇటు దిక్కు బండ్లు ఆపుతలేరు. అంతా యూటర్న్ కాడనే ఆపుతున్నరు. పొద్దుగాల్ల నుంచి నిలబడి ఉత్త చేతులతోని పోతున్నం. నీ దోస్తు మాకు పని ఇస్తడా అన్నా?"

"ఆఫీసులల్ల అర్జీ పెడదాం అంటున్న గదా."

"పెట్టుండ్రి" అన్నాడు ఖదీర్ భాయ్. "ఫాయిదా ఏమన్న ఉంటదా అని అడుగుతున్నం, గంతే."

అర్జీ పెట్టాం. మున్సిపాలిటోళ్లు ఇది ట్రాఫిక్ పని అన్నారు. ట్రాఫిక్ వాళ్లు రోడ్ల శాఖను అడగమన్నారు. రోడ్ల శాఖలో సారు మీటింగులో ఉన్నాడు. మళ్లీ పోతే బదిలీ మీద పోయాడు. కొత్త సారు ఫైలు తెప్పించి చూసి, "మీ చౌరస్తాలో దాటేవాళ్లు ఎక్కువ లేరని సర్వేలో ఉంది" అన్నాడు. సర్వే ఎప్పుడు చేశారని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. "రోజుకు వేల వాహనాలు పోయే రోడ్డు. నాలుగు బర్రెల కోసం ఆపమంటారా?" అన్నాడు. వెంట వచ్చిన ఆగమ్మ అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "బర్రెలు ఒంటిగ పోవు సారూ. ఎనక మేం ఉంటం" అంది. ఆయన మాకు వినబడేటట్టే అటెండరును పిలిచి, ఇంత మందిని లోపలికి ఎందుకు వదిలావని తిట్టాడు.

వానాకాలం వచ్చింది, పోయింది. బడి పిల్లలు దిమ్మెలెక్కి దూకుతున్నారు. కాన్పుకు పోయే ఆడవాళ్లను మంచం మీద ఎత్తి అవతలికి అందిస్తున్నాం. మీటింగుకు వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లం ఒకరి మీద ఒకరం విరుచుకుపడుతున్నాం. వెల్డింగు షాపు బాలకిషన్ ఒక రోజు నా మీదికే వచ్చాడు.

"ప్రేమన్నా, తీర్మానం తీర్మానం అంటవ్. నీ తీర్మానం మీద ఎక్కి రోడ్డు దాటుమంటవా? ఒక్క గడ్డపార తెస్తే అయిపోయే పని."

"నువ్వొక్కనివి తెస్తే నిన్నొక్కన్ని లోపలేస్తరు. తెల్లారి మళ్ల దిమ్మె పెడ్తరు. అందరు కదలాలె."

"అందరు ఎప్పుడు కదులుతరే? నువ్వు ముసలోనివయినంకనా?"

ఆగమ్మ పెనిమిటి కృష్ణయ్య ఒక మూల ఖాళీ క్యాను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి నెమ్మదస్తుడు. ఎవరు అరిచినా తలవంచుకునేవాడు. "మీరు మీరు కొట్లాడుకోకుండ్రి. నేనైతే ఎక్కి దుంకుతున్న. అలవాటయింది" అన్నాడు.

దసరా పోయాక ఒక పొద్దున కృష్ణయ్య ఎప్పటిలాగే క్యాను దిమ్మె మీద పెట్టి, తను ఎక్కి, అవతలికి దిగబోయాడు. మంచుకు దిమ్మె తడిగా ఉంది. కాలు జారి రోడ్డు మీద పడ్డాడు. లారీ డ్రైవరు బ్రేకు కొట్టాడు గాని బండి ఆగలేదు. హోటలు ముందు చాయ్ తాగుతున్న అడ్డా కూలీలు పరుగెత్తి ఎత్తుకున్నారు. ప్రాణం అప్పటికే పోయింది.

అతను నిర్లక్ష్యంగా రోడ్డు దాటాడని పోలీసులు రాసుకున్నారు. తప్పంతా చచ్చినవాడిదే అయింది.

ఆసుపత్రి నుంచి శవం ఇంటికి వచ్చిన రోజు మా సందు నిండా జనం. మీటింగులు మానేసినవాళ్లు కూడా వచ్చారు. డప్పులు వచ్చాయి. పాడె కట్టారు. అప్పుడు గుండయ్య జనాన్ని తోసుకుంటూ ఆగమ్మ దగ్గరికి వచ్చాడు. సందు మొగలో పూలదండలతో అలంకరించిన వైకుంఠరథం ఆగి ఉంది.

"వదినా, జగదీశ్వర్ పంపిండు. మస్తు బాధపడ్డడు. దీంట్ల పెట్టి యూటర్న్ నుంచి మంచిగ తీస్కపోదాం. మోసే తిప్పలు లేదు."

ఆగమ్మకు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా ఆ మాట అందరికీ వినబడింది.

"మా మామ గీ తొవ్వనే పోయిండు. మా అత్త గీ తొవ్వనే పోయింది. ఈయన గూడ గీ తొవ్వనే పోతడు. నీ దోస్తు బండి నీ దోస్తుకే ఇయ్యి."

పాడె లేచింది. ముందు ఒక భుజం బాలకిషన్‌ది, ఇంకొకటి నాది. చౌరస్తాకు వచ్చేసరికి దిమ్మెలు అడ్డం. ఎవరో ఇద్దరు దిమ్మెలెక్కి, "ఇట్ల అందియ్యుండ్రి, మీది నుంచి తీస్కుంటం" అన్నారు. మేం పాడెను పైకి ఎత్తబోయాం. ఆగమ్మ మా ముందుకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కి దుంకవట్టే సచ్చిండు. సచ్చినంక గూడ దుంకిపిస్తరా? దించుండ్రి."

దించాం. కృష్ణయ్యను రోడ్డు మీద, దిమ్మెలకు ఆనించి పడుకోబెట్టాం. డప్పులు ఆగిపోయాయి. బెంగళూరు వైపు పోయే బండ్లన్నీ ఆగిపోయాయి. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఆగమ్మ పాడె పక్కన కూర్చుంది. ఆమె పక్కన మా ఆవిడ కూర్చుంది. చూస్తుండగానే ఆడవాళ్లంతా కూర్చున్నారు.

అవతల అడ్డా కదిలింది. బుచ్చమ్మ ముందు, ఆమె వెనక పనిముట్లతో కూలీలు. పొద్దున పనికోసం తెచ్చుకున్న గడ్డపారలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఖదీర్ భాయ్ హోటలు షట్టరు దించి, పంక్చరు షాపులోని లారీ జాకీ మోయించుకుని వచ్చాడు. ఒకరిని ఒకరు అడిగింది లేదు, చెప్పింది లేదు. ఇన్ని నెలల మీటింగుల్లో మేం చెయ్యలేకపోయిన తీర్మానం అక్కడ మాట లేకుండా అయిపోయింది.

ఇన్‌స్పెక్టరు జీపు దిగి పరుగున వచ్చాడు.

"దిమ్మె మీద చెయ్యేస్తే కేసు. శవాన్ని యూటర్న్ నుంచి తీసుకెళ్లండి."

"సారూ, గీ తొవ్వ మూయమని రాసిన కాయితం ఉంటే సూపియ్యి" అంది బుచ్చమ్మ.

"అది నా పని కాదమ్మా."

"మరి ఎవల పని? అందరు గదే అంటుండ్రి."

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి పక్కకు పోయాడు. బాలకిషన్ జాకీ పెట్టాడు. గడ్డపారలు దిమ్మె కింద దూరాయి. తూర్పు నుంచి మేం తోశాం, పడమటి నుంచి వాళ్లు లాగారు. దిమ్మె కదల్లేదు. చేతుల తోలు లేచిపోయింది. ఒక లారీ డ్రైవరు హారన్ మానేసి దిగి వచ్చి మాతో కలిసి భుజం పెట్టాడు. దిమ్మె కిర్రుమని జరిగింది. రెండోదానికి ఇంకా ఎక్కువ మంది వచ్చారు. బండి పట్టేంత దారి పడ్డాక డప్పులు మళ్లీ మోగాయి. కృష్ణయ్య తన తొవ్వలోనే, నాలుగు భుజాల మీద, వాలకుండా వంగకుండా పడమటికి పోయాడు. ఖదీర్ భాయ్ శ్మశానం దాకా భుజం మార్చలేదు.

తిరిగి వచ్చేసరికి చౌరస్తాలో పోలీసు వ్యాను సిద్ధంగా ఉంది. నన్నూ, బాలకిషన్‌నూ, ఖదీర్ భాయ్‌నీ, బుచ్చమ్మనూ ఎక్కించారు. స్టేషను తూర్పు వైపున ఉంది. వ్యాను డ్రైవరు కాసేపు ఆలోచించి, మేం తీసిన సందులోంచే బండిని అటు తిప్పాడు.

"అన్నా, యూటర్న్ నుంచి పోవాలె గదా" అంది బుచ్చమ్మ. కానిస్టేబుల్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు నన్ను ఎదురుగా నిలబెట్టాడు. మొదట గడ్డపార పెట్టింది ఎవరు, జనాన్ని ఎవరు పోగు చేశారు, ఏ సంఘం మీ వెనక ఉంది అని అడిగాడు. "కృష్ణయ్య పోగు చేసిండు సార్" అన్నాను. చెంప మీద ఒకటి తగిలింది. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

బయట చప్పుడు పెరుగుతోంది. కిటికీలోంచి చూస్తే శ్మశానం నుంచి వచ్చినవాళ్లు ఇళ్లకు పోలేదు. తడిబట్టలతోనే స్టేషను ముందు నిలబడ్డారు. అందరికంటే ముందు ఆగమ్మ ఉంది. ఇన్‌స్పెక్టరు మెట్ల మీదికి పోయాడు.

"అమ్మా, నీ బాధ నాకు అర్థమైంది. ఇంట్ల చావు పెట్టుకొని ఇట్ల తిరగొద్దు. ఇంటికి పో."

"మా వాళ్లను ఇడువు. దిమ్మెలు మళ్ల పెట్టేది లేదని రాసియ్యి. పోతం."

"అది నా చేతిలో లేదు. పైనుంచి ఆర్డర్. పెద్దాఫీసు వాళ్లు చూడాలి."

ఆ మాట మేం ఎన్నిసార్లు విన్నామో. ఎన్నిసార్లు అక్కడి నుంచి ఊరికే తిరిగి వచ్చామో. ఆగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత జనం వైపు తిరిగింది.

"పెద్దాఫీసు అంటుండు. నడుండ్రి, పోదాం. గీసారి ముగ్గురం నలుగురం కాదు. అందరం పోదాం. ఎవలు మూసిండ్రో అక్కడ్నే అడుగుదాం."

"అమ్మా, ఇంత మంది పోతే లోపలికి రానియ్యరు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రానియ్యకుంటే రోడ్డు మీద కూసుంటం. ఇవాళ్ల అలవాటయింది మాకు."

జనం కదిలారు. అడ్డా కూలీలు, పాలవాళ్లు, క్వార్టర్ల ఆడవాళ్లు, హోటలు పనివాళ్లు, ఆగిన లారీల క్లీనర్లు కొందరు. బడి నుంచి వస్తున్న పిల్లలను తల్లులు చేతులు పట్టుకుని వెంట తీసుకుపోయారు. గుండయ్య రోడ్డు పక్కన ఖాళీ రథం దగ్గర నిలబడి ఎవరికో ఫోను చేస్తున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చి వైర్‌లెస్ సెట్టు అందుకున్నాడు. "నాల్‌బంద్ నుంచి చార్మినార్ దిక్కు, పెద్దాఫీసుకు వస్తున్నరు" అంటున్నాడు. "ఎంత మంది" అని అటునుంచి అడిగారు. అతను మెట్ల దాకా పోయి చూసి వచ్చి, చెప్పడం కష్టం అన్నాడు.

నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. వాళ్లు పక్కకు ఒదగలేదు. నడిరోడ్డు మీద, రోడ్డు వెడల్పునా నడిచారు. వాళ్ల వెనక లారీలు హారన్ కొట్టకుండా మెల్లగా వచ్చాయి.