మేనేజరుగారి వాటా

బస్తాల సందులోంచి బోను బయటికి లాగి, బాబాయి లోపలున్న ఎలుకకి వంగి నమస్కారం పెట్టాడు.

"మా రొట్టెముక్క రుచిగా ఉందా అండీ?"

గోదాము కాపలావాడు నవ్వాడు. రోజూ అదే మాట, అదే నవ్వు. ఇవాళ బాబాయి మాత్రం నవ్వలేదు. నోరు తన పని తాను చేసుకుపోయింది, అంతే.

ఎలుకల్ని పట్టి పురుగుల పరీక్షకి అప్పజెప్పడం అతని ఉద్యోగం. పొట్టి మనిషి, బానపొట్ట, ముంజేతుల నిండా పాత గాట్లు. చచ్చిన ఎలుకని గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో గుర్తింపుకార్డు తగిలించి పోయే రకం. భార్య ఆస్పత్రిలో చేరాక ఆ కుర్చీ జోలికి పోలేదు. ఆమెకి జ్వరం దిగడంలేదు, పొట్ట ఉబ్బింది. లివరు పాడైందన్నారు, ఎందుకో తెలియదన్నారు. ఆఫీసులో ఎవరడిగినా, "మంచం సుఖం మరిగింది, దిగనంటోంది," అనేవాడు.

పరీక్షలగదిలో డాక్టరమ్మ ఎలుక పొట్ట కోసి, కార్జాన్ని పళ్ళెంలోకి తీసింది. దానిమీద సున్నం పూసినట్టు తెల్లటి గీతలు.

"మళ్ళీ అదే పురుగు బాబాయ్. కాపురం, గుడ్లు, అన్నీ లివర్లోనే."

"మనుషులకీ వస్తుందా తల్లీ?"

"చాలా అరుదు. ఎలుక బతికున్నంతకాలం గుడ్లు బయటికి రావు. ఏ పిల్లో దాన్ని తింటే, పెంటతోపాటు మట్టిలో పడతాయి. అక్కడ కొన్నాళ్ళు ముదరాలి. ఆ మట్టి మన నోట్లోకి పోవాలి. మట్టెవరు తింటారు చెప్పు? అయినా మిగిలినవి కాల్చెయ్యమనేది అందుకే."

"అవునవును," అన్నాడు బాబాయి.

కొయ్యకుండా మిగిలినవాటిలో బలిసినదాన్ని అతనెప్పుడూ కాల్చలేదు. సంచిలో వేసి ఇంటికి తీసుకుపోయేవాడు. ఇంట్లో పిల్లి పేరు మేనేజరు. పని చెయ్యడు, అందరిమీదా విసుక్కుంటాడు. "మేనేజరుగారి వాటా!" అని కేకేసి పెరట్లో పడేస్తే, మేనేజరు తిని, మిరపపాదుల్లో గొయ్యి తీసి కానిచ్చి, శుభ్రంగా మట్టి కప్పేవాడు. ఆ పాదుల్లోంచే భార్య మట్టిగడ్డలు తీసి, వంటింటి కిటికీలో ఆరబెట్టి, పని మధ్య కొరుక్కునేది. కడుపుతో ఉన్నప్పుడు పట్టుకున్న అలవాటు. బిడ్డ దక్కలేదు, అలవాటు ఉండిపోయింది.

"గోడలైనా మిగల్చవే, ఎక్కడ పడుకుంటాం?" అని ఏడిపించేవాడు.

బాబాయి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు. బోనులు అలాగే వదిలేసి ఆస్పత్రికి నడిచాడు.

మంచం పక్కన మరదలు కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకి భార్య కళ్ళు తెరిచింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"ఏమయ్యా, మేనేజరుకి తిండి పెట్టావా?"

"పెట్టానే."

"అబద్ధం. నీ మూతే చెబుతోంది."

బాబాయి ఆమె కాళ్ళమీద దుప్పటి సర్ది, డాక్టరు గదికి వెళ్ళాడు. ఎలుక, పిల్లి, పాదు, మట్టి. పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు వరసగా చెప్పాడు.

డాక్టరు తల ఎత్తాడు. "మట్టి తింటుందని ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా?"

"మా ఇంట్లో అది నవ్వులాటండీ."

"సరే, లివరు ముక్క తీసి చూద్దాం. పురుగే అయితే మందు ఉంది."

మందు ఉంది, మందు ఉంది అనుకుంటూ వరండా దాటాడు. తలుపు దగ్గర మరదలు నిలబడి ఉంది.

"బావా, అక్క పలకటంలేదు."

భార్య పెదవులు కాస్త విడి ఉన్నాయి, ఇంకో మాట అనబోతున్నట్టు. బాబాయి ఆ మాట కోసం నిలబడ్డాడు. నర్సు వచ్చి పక్కకి జరగమంది, జరిగాడు.

సాయంత్రం ఆమెకి ఆఖరిసారి కట్టే చీరకోసం ఇంటికి వచ్చాడు. మేనేజరు అరుస్తూ కాళ్ళకి చుట్టుకుని, చేతిలో సంచి లేదని తెలిసి వెళ్ళిపోయాడు. బాబాయి వంటింట్లో దీపం వేశాడు. కిటికీలో మట్టిగడ్డ బాగా ఆరింది. దాని ఒక అంచున ఆమె పళ్ళ గుర్తులు, చిన్నవి, పక్కపక్కనే.