నాలుగు చుట్లు

నేను ఒక కుక్క గొలుసును. ఏ కొలిమిలో కాలానో గుర్తు లేదు. సంతలో కొయ్యకు వేలాడుతుంటే పేరిరెడ్డి నన్ను చేత్తో పట్టి లాగి చూసి, "తెగదుగా?" అని అడిగాడు. కుక్కకు నొప్పి పుడుతుందా అని ఎవరూ అడగరు. తెగకపోవటమే నా మంచితనం.

పొడవు రెండు బారలు. మిరప కళ్లం పక్కన వేపచెట్టుకు ఒక కొస, కర్రోడి మెడకు ఒక కొస. కర్రోడంటే పేరిరెడ్డి నల్లకుక్క. రాత్రంతా పందులను తరిమి, పగలు నీడను పట్టుకుని మొదలు చుట్టూ తిరిగేవాడు. పొద్దున పడమటి పక్క, మధ్యాహ్నం తూర్పు పక్క. ఎండ సంగతి వాడికి ఎవరూ నేర్పలేదు. నేను వాడితోపాటు జరుగుతుండేదాన్ని, అంతే.

ఒకరోజు కర్రోడు కాయల మీదికి పోయి కాలెత్తాడు. రెండు రోజుల్లో బేరగాడు వస్తాడు. పేరిరెడ్డి మండిపడి నన్ను మొదలుకు నాలుగు చుట్లు బిగించాడు. మిగిలింది మూరెడు. అప్పుడు పొద్దున్నే, పడమటి పక్కన చల్లగా నీడ ఉంది. ఆ నీడ అక్కడే కూర్చుంటుందనుకున్నాడు కాబోలు. సత్తు గిన్నెలో నీళ్లు పోసి, ఎండవంక చూసి మురిసిపోయాడు.

"ఇట్టా రెండు రోజులు కాస్తే చాలు, కాయ గలగల్లాడుద్ది."

పన్నెండు దాటేసరికి నీడ అటు పోయింది, కర్రోడు ఇటే ఉన్నాడు. నీళ్లు వేడెక్కాయి. పెనుగులాటలో గిన్నె బోర్లాపడింది. నేను కాలిన పెనంలా అయ్యాను. వాడు లాగిన కొద్దీ బిగుసుకున్నాను. మంచి గొలుసునని చెప్పాగా.

కాయలు ఏరుతున్న కూలీలు చూసేసరికి కర్రోడి నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ కారుతోంది. కాళ్లు తడబడుతున్నాయి.

"పిచ్చి లేసింది! దగ్గరికి పోమాకండి!" అని అరిచాడు పేరిరెడ్డి. కర్ర కోసం వెతికాడు. నీళ్ల కోసం కాదు.

కూలికి వచ్చిన సలోమి తలపాగా విప్పుకుంటూ లేచింది. "పిచ్చి కాదు రెడ్డీ. పిచ్చిదైతే నీళ్లంటే బెదురుద్ది. ఇది బోర్లాపడ్డ గిన్నెను నాకుతంది చూడు."

"నీకేం తెలుసే? కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు నువ్వేపించుకుంటావా?"

"ఏపించుకుంటాలే. నీకేం నొప్పి?"

అందరూ నవ్వారు. కానీ ఎవరూ కదల్లేదు. ఆ మాటల్లోనే కొంతసేపు పోయింది. ఆ కొంతసేపే కర్రోడి దగ్గర మిగిలి ఉంది.

సలోమి వచ్చి నా కొక్కెం పట్టుకుంది. చుర్రుమని అరచేయి కాలింది. వదలకుండా మెడ నుంచి విప్పింది. కర్రోడిని తూర్పు నీడకు ఈడ్చింది. డ్రమ్ములో నీళ్లు ముంచి పొట్ట మీద, పాదాల మీద పోసింది. తలపాగా గుడ్డ తడిపి కప్పింది. వాడు రెండు గుక్కలు తాగాడు. మూడోది మూతి పక్కనుంచి కారిపోయింది.

"పోతే పోయిందిలే, పిచ్చిది," అన్నాడు పేరిరెడ్డి. చచ్చాక కూడా వాడికి ఆ పేరు తప్పలేదు. కాయ మాత్రం గలగల్లాడింది.

మరుసటి ఎండాకాలం రోడ్డు పక్కన పేరిరెడ్డి చలివేంద్రం పెట్టాడు. పందిరి, మూడు కుండలు, రంగుల బ్యానర్ మీద చేతులు జోడించిన అతని ఫోటో. జనం పుణ్యాత్ముడన్నారు. గ్లాసు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దానికి బెజ్జం పెట్టి నన్ను తగిలించాడు. రెండో కొస లావుపాటి పందిరి గుంజకు, ఎత్తున. పొడవు ఎక్కువైందని ఇక్కడా నాలుగు చుట్లే. చేతికి అలవాటు.

నిన్న మధ్యాహ్నం ఒక ఊరకుక్క పందిరి కిందికి వచ్చి నాలుక వేలాడేసుకుని నిలబడింది. కుండల దగ్గరున్న మనిషి "ఛీ, పో!" అని అదిలించాడు. సలోమి దాహానికి ఆగి ఉంది. గ్లాసు నింపి, తాను తాగకుండా కిందికి వంచబోయింది.

నేను టక్కున ఆపేశాను.

ఆమె ఒకసారి గుంజ చుట్టూ ఉన్న చుట్లను, ఒకసారి నన్ను చూసింది. గుర్తుపట్టింది. మచ్చపడ్డ అరచేతిని పుడిసిలి చేసి కుక్క మూతి ముందు పట్టి, పైనుంచి నీళ్లు వంపింది. సగం వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. మిగిలిన సగం కుక్క తాగింది.

నా పొడవు మనిషి నోటిదాకా సరిపోతుంది. నేలదాకా అందదు.