కుంకుమ పెట్టిన ర్యామ్

నా మొగుడు ఓబిలేష్ బండి మీద శింగనమల పోయాడు, శవమై తిరిగొచ్చాడు. ఏడు నెలలైంది. నాకు ఏడుపు రాలేదు. మా ఊరు బుక్కరాయసముద్రం ఆడవాళ్లు నా కళ్ల వంక చూసి చూసి విసుగొచ్చి మానేశారు.

ఓబిలేష్ ధర్మవరం మగ్గాలకు పట్టుచీర అంచుల డిజైన్లు కంప్యూటర్లో గీసేవాడు. ఆ కంప్యూటరు కూడా ఒక్కో భాగం కొని తనే బిగించుకున్నాడు. ఆఖరిగా గీస్తున్న అంచు ఇంకాస్తలో పూర్తవుతుందనగా ఆగిపోయింది. ఆ ఫైలు తెరవబోతే చాలు, కంప్యూటరు బిగుసుకుపోతుంది. ఈ సాయంత్రంలోగా పంపకపోతే వేరేవాళ్లతో కొత్తది గీయిస్తామని మగ్గాల సావుకారు కబురు చేశాడు. అప్పుడు ఓబిలేష్ గీసింది ఏ మగ్గమూ ఎక్కదు. మిగిలింది నేను గీయగలను, తనే నేర్పాడు. ఫైలు తెరుచుకోవాలి, అంతే.

కంప్యూటరు లోపల గుచ్చే మెమరీ ముక్క, పాత ర్యామ్, చాలడం లేదని, రెట్టింపుది తెప్పించమని ఓబిలేష్ స్నేహితుడు తౌఫిక్ చెప్పాడు. తెప్పించాను. పొద్దున్నే వచ్చి, పళ్లెంలో ఉన్న కొత్తదాన్ని పాతదాని పక్కన గుచ్చి స్విచ్చి వేశాడు. కుయ్‌మని మూడు కూతలు. తెర నల్లగానే ఉంది.

“పాతదీ కొత్తదీ పొసగలేదు వదినా. పాతది తీసేస్తా. కొత్తదొకటే చాలు.”

“తీసెయ్,” అన్నాను. ఓబిలేష్ తన చేత్తో పెట్టింది అది. నాకేమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు మాత్రం భయమేసింది.

వాకిట్లో చెనక్కాయలు వలుస్తున్న మా అత్త ఆంజినమ్మ లేచి వచ్చింది.

“మావోడు పెట్టింది ఎందుకు తీస్తాండావప్పా?”

తౌఫిక్ తీసేశాడు. కొత్తదొకటే పెట్టినా అవే కూతలు. దాన్ని బయటికి లాగి వెలుతురులో తిప్పి చూశాడు. వెనకవైపు, బంగారు రంగు పళ్ల మీద ఎర్రగా ఎండిన చుక్క.

“ఇదేందమ్మా, కుంకుమా?”

ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా మా అత్త బొట్టు పెట్టందే వాడనివ్వదు. ఫ్యానుకూ పెట్టింది, బోరు మోటారుకూ పెట్టింది.

“దీనికి యాడ పెట్టల్లో తెలీలేదప్పా. మెరుస్తాండే కాడ పెడితిని.”

“నన్ను అడగల్ల కదమ్మా.”

“కోడలికి పెట్టగూడదంట్రి అందరూ. దానికన్నా పెడదామని...”

తౌఫిక్ రబ్బరుతో ఆ పళ్లు రుద్దాడు. ఎర్రటి పొడి బల్ల మీద రాలింది. ఈసారి రెండూ కలిపి గుచ్చాడు. తెర వెలిగింది.

“కొత్తది పాతదాని వేగంతోనే నడుస్తాది. పర్వాలేదా వదినా?”

“నడవనీ.”

ఫైలు తెరుచుకోవడానికి టీ తాగేంత సేపు పట్టింది. అంచు నిండా నెమలి. మెడ, రెక్క, తోక అన్నీ అయ్యాయి. కన్ను ఒక్కటే మిగిల్చాడు. ఏ రంగు వేయాలో నాకు తెలుసు. చేయి మాత్రం కదల్లేదు.

“అత్తా, కుంకుమ తే,” అన్నాను. “నాకు పెట్టు.”

ఆమె తౌఫిక్ వైపు చూసింది, వాకిలి వైపు చూసింది. తర్వాత లోపలికెళ్లి భరిణె తెచ్చింది. పెట్టిన బొట్టు కాస్త పక్కకు పోయింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, ఏడు నెలలదీ ఒక్కసారిగా. ఏడుస్తూనే నెమలికి కన్ను పెట్టాను.